సవరణ: బ్రేకు వేసినప్పుడు ముందువైపు వచ్చే శబ్దం గురించి

పాత కార్లలో బ్రేకు వేయగానే ముందువైపు శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్లు మార్చాలని ఇంతకుముందు రాసిన వాక్యాన్ని ఈ వివరణతో కలిపి చదవాలని మనవి. గతుకుల్లో ప్రతిసారీ వచ్చే శబ్దానికి వాటిని అనుమానించడం సబబే గాని, నున్నటి రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే ఒక్కసారి టక్కుమంటే ముందుగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌లను, అంటే దాని బిగింపులోని రబ్బరు తొడుగులను చూడాలి. బ్రేకు పడగానే చక్రం వెనక్కి తోసుకువస్తుంది. రబ్బరు చిట్లిన బుష్ ఆ తోపును ఆపలేకపోవడంతో ఆర్మ్ తన బిగింపు దగ్గరి ఇనుముకు తగిలి శబ్దం వస్తుంది. మారుతి 800లో ఈ భారం స్టెబిలైజర్ బార్ (ముందు చక్రాల రెండు ఆర్మ్‌లనూ కలిపే కడ్డీ) మీదా పడుతుంది కనుక దాని చివరి బుష్‌లనూ వదలకూడదు.

అనంతపురంలో కొన్ని షెడ్లలో బుష్‌కు గ్రీజు పూసి పంపేస్తుంటారు. శబ్దం కొన్నాళ్లు తగ్గినా, ఆ గ్రీజు రబ్బరును మరింత మెత్తబరిచి పాడుచేస్తుంది.

శబ్దం ఎక్కడిదో తేల్చుకోవడానికి ఖాళీ స్థలంలో నడక వేగంతో ముందుకూ వెనక్కూ నడిపిస్తూ బ్రేకు వేయించి, పక్కన నిలబడి వినాలి. దిశ మారాక మొదటి బ్రేకుకే సన్నగా క్లిక్కుమంటే బ్రేకు ప్యాడ్ (డిస్కును నొక్కే పలక) తన గూటిలో కదులుతున్నట్టు. అప్పుడు ప్యాడ్‌ను పట్టి ఉంచే క్లిప్పులు, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు చూడాలి. బండిని జాకీతో లేపి స్టాండ్లపై నిలిపాక బాల్ జాయింట్‌లో (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) ఆట, అంటే వదులు కదలిక కనిపిస్తే మాత్రం, దాన్ని మార్చేవరకు బండి తీయరాదు.