మార్సియానో కొట్టింది ముసలివాళ్లనేనా?

1950ల నాటి అమెరికన్ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ రాకీ మార్సియానో పేరెత్తితే చాలు, బాక్సింగ్ అభిమానుల మధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "49 పోటీల్లో 49 గెలుపులు అన్నది పేరుకే ఘనత. అతను కొట్టింది వయసు మళ్లినవాళ్లను. జో లూయిస్‌కు 37 ఏళ్లు, జెర్సీ జో వాల్కాట్‌కు 38, ఆర్చీ మూర్‌కు నలభై. ప్రత్యర్థుల్లో సత్తా ఉన్న కుర్రవాడు ఒక్కడూ లేడు. గట్టివాడైన నీనో వాల్డెస్‌తో తలపడకుండా తప్పించుకున్నాడు."

వయసుల లెక్క దాదాపు సరైనదే. కానీ ఆ లెక్క నుంచి తీసిన తీర్పు తప్పు. బాక్సర్ పుట్టిన సంవత్సరం చూసి ఆ రాత్రి అతను ఎలా ఉన్నాడో చెప్పలేం. ఆ పోటీకి ముందు ఎవరిని ఓడించాడు, రింగ్‌లో ఏం చేశాడు, ఆ తర్వాత ఎంతకాలం నిలిచాడు అన్నవి చూడాలి.

లూయిస్ విషయంలో విమర్శకులతో నాకు పేచీ లేదు. 1951 అక్టోబరులో మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టింది ఒకప్పటి మేటి చాంపియన్ లూయిస్‌ను కాదు. పన్ను బకాయిల కోసం రిటైర్మెంట్ వదిలి తిరిగివచ్చిన మనిషిని. అంతకు ముందు అతను వరసగా పోటీలు గెలుస్తూ వచ్చిన మాట నిజమే అయినా, ఈ గెలుపును మార్సియానో గొప్పతనానికి సాక్ష్యంగా నేను చూపను.

వాల్కాట్ సంగతి వేరు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో రింగ్‌లోకి వచ్చినప్పుడు ప్రపంచ చాంపియన్ అతనే. అంతకు మూడు నెలల ముందే మాజీ చాంపియన్ ఎజర్డ్ చార్లెస్‌ను ఓడించి టైటిల్ నిలుపుకున్నాడు. మొదటి రౌండ్‌లోనే ఎడమ హుక్‌తో (చేయి వంచి పక్కనుంచి విసిరే గుద్దుతో) మార్సియానోను కింద పడేశాడు. మార్సియానో కెరీర్‌లో అతను నేలకు తాకడం అదే మొదటిసారి. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు నిర్ణేతల లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు. పదమూడో రౌండ్ మొదలైన కాసేపటికే ఇద్దరూ తాళ్ల దగ్గర ఒకేసారి కుడిచేయి విసరబోయారు. మార్సియానో గుద్దు ఒక్క క్షణం ముందు దవడకు తగిలింది. వాల్కాట్ ఎడమ చేయి తాడుకు చిక్కుకుంది, మనిషి నెమ్మదిగా మోకాళ్ల మీదికి ఒరిగిపోయాడు. అప్పటివరకూ ఆ పోటీని నడిపించినవాడిని అలసిపోయిన ముసలివాడు అనడం వాల్కాట్‌కూ అన్యాయమే.

మూర్ అసలు వయసు ఎవరికీ తేలలేదు. 1913లో పుట్టాడని తల్లి, 1916లో పుట్టానని అతను చెప్పేవారు. ఏది నిజమైనా, 1955 సెప్టెంబరు నాటికి అతను లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్ కంటే తక్కువ బరువు తరగతి) చాంపియన్. మూడు నెలల ముందే మిడిల్‌వెయిట్ చాంపియన్ బోబో ఓల్సన్‌ను మూడో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. యాంకీ స్టేడియంలో రెండో రౌండ్‌లో మార్సియానోను పడగొట్టాడు కూడా. తొమ్మిదో రౌండ్‌లో ఓడిపోయాక అతని కథ ముగిసిందా? 1958 డిసెంబరులో మాంట్రియల్‌లో కెనడా బాక్సర్ ఇవాన్ డురెల్ చేతిలో మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు పడి, లేచి, పదకొండో రౌండ్‌లో అతన్ని నాకౌట్ చేసి టైటిల్ నిలుపుకున్నాడు. మార్సియానోతో తలపడిన మూడేళ్ల తర్వాత!

ఇక కుర్రవాళ్లు లేరన్న మాట. రెక్స్ లేన్ వయసు 23, అంతకు ముందే వాల్కాట్‌ను ఓడించినవాడు. 1951లో మార్సియానో చేతిలో ఆరో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. రోలండ్ లా స్టార్జా మార్సియానో కంటే దాదాపు నాలుగేళ్లు చిన్న. 1950లో వాళ్లిద్దరూ తొలిసారి తలపడేనాటికి అతనికీ ఒక్క ఓటమి లేదు. ఆ పోటీలో మార్సియానో గెలిచింది చీలిన తీర్పుతో, అంటే నిర్ణేతలందరూ ఏకాభిప్రాయానికి రాకుండానే. మార్సియానో ఓటమికి అత్యంత దగ్గరగా వెళ్లిన రాత్రుల్లో అదొకటని నా అభిప్రాయం. 1953లో టైటిల్ పోటీలో మళ్లీ ఎదురైతే పదకొండో రౌండ్‌లో ముగించాడు.

విమర్శకుల జాబితాలో చార్లెస్ పేరు ఎందుకు లేదో నాకు అర్థం కాదు. అతను మార్సియానో కంటే రెండేళ్లే పెద్ద. లూయిస్‌నూ, మూర్‌నూ ఓడించినవాడు. 1953లో రెండుసార్లు ఓడిపోయాడు కాబట్టి తన శిఖరం దాటాడనే ఒప్పుకుంటాను. అయినా 1954 జూన్‌లో మార్సియానో ఎదుట పదిహేను రౌండ్లూ నిలిచాడు, అలా నిలిచినవాడు అతనొక్కడే. సెప్టెంబరులో రెండోసారి తలపడినప్పుడు మార్సియానో ముక్కు చీలి రక్తం ఆగలేదు. పోటీ ఆపేస్తారేమోనన్న స్థితిలో ఎనిమిదో రౌండ్‌లో చార్లెస్‌ను నాకౌట్ చేశాడు.

మిగిలింది వాల్డెస్. 1953లో అతను చార్లెస్‌ను ఓడించాడు, టైటిల్ పోటీకి అర్హుడే. ఆ పోటీ జరగకపోవడం లోటే. కానీ 1955 మేలో లాస్ వేగాస్‌లో అదే వాల్డెస్‌ను పదిహేను రౌండ్లలో మూర్ ఓడించాడు. నాలుగున్నర నెలల తర్వాత మార్సియానో తలపడింది ఆ మూర్‌తోనే.