కడబంతిలో బఫెలో అభిమాని

2026 జనవరి 17. డెన్వర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ప్లేఆఫ్, అంటే నాకౌట్ మ్యాచ్. అదనపు సమయం నడుస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరి జట్టు బిల్స్. దాని క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, జాష్ అలెన్ దూరంగా ఒక బంతి విసిరాడు. దాన్ని పట్టాల్సిన రిసీవర్ బ్రాండిన్ కుక్స్ అందుకుని నేల మీద పడుతుండగా, డెన్వర్ ఆటగాడు జాక్వాన్ మెక్‌మిలియన్ అతని చేతుల్లోంచి లాక్కుని పక్కకి దొర్లాడు. బంతి డెన్వర్‌దే అన్నారు రిఫరీలు. కాసేపటికి 33-30తో బిల్స్ సీజన్ ముగిసింది. రెండు రోజులకి, తొమ్మిది సీజన్లుగా కోచ్‌గా ఉన్న షాన్ మెక్‌డెర్మట్ ఉద్యోగం పోయింది.

అంతకుముందు ఏడాది జనవరి 26న కాన్సస్ సిటీలోనూ దాదాపు ఇదే కథ. బిల్స్ డిఫెండర్ కోల్ బిషప్, చీఫ్స్ రిసీవర్ జేవియర్ వర్తీ ఒకే బంతిని కావలించుకుని పడ్డారు. బంతి వర్తీదే అన్నారు. ఆఖర్లో నాలుగో డౌన్‌లో, అంటే మిగిలిన చివరి ప్రయత్నంలో, మీదికి ఉరికొస్తున్నవాళ్లకి దొరక్కుండా అలెన్ వెనక్కి వెనక్కి వెళ్లి గాల్లోకి లేపిన బంతి డాల్టన్ కింకెయిడ్ చేతుల దాకా వచ్చి జారిపోయింది. 32-29.

వర్తీ పేరెత్తితే బఫెలోలో ఇప్పటికీ పళ్లు నూరతారు. కాలేజీ కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో 28వ ఎంపిక బిల్స్ చేతిలోనే ఉంది. దాన్ని వాళ్లే చీఫ్స్‌కి ఇచ్చేసి వెనక్కి జరిగారు. చీఫ్స్ ఆ ఎంపికతో వర్తీని తీసుకున్నారు. 40 గజాల పరుగుని 4.21 సెకన్లలో ముగించి అప్పటికే రికార్డు కొట్టిన కుర్రాడు. బిల్స్ ఇంకోసారి వెనక్కి జరిగి, 33వ ఎంపికలో కియాన్ కోల్మన్‌ని తెచ్చుకున్నారు. ఇంట్లో బియ్యం పక్కింటివాళ్లకి అప్పిచ్చి, వాళ్లింటి పెళ్లిలో పస్తు పడుకున్నట్టయింది వ్యవహారం.

ఈ ఆట అలవాటు లేనివాళ్లకి ఒక మాట. బౌండరీ లైను మీద క్యాచ్ పట్టే ఫీల్డర్‌ని ఊహించుకోండి. అతను పూర్తి వేగంతో పరుగెత్తుతుంటాడు, బంతి వెనక నుంచి భుజం మీదుగా వస్తుంది, ఒకడు పక్కనే అంటుకుని పరుగెడుతూ చెయ్యి అడ్డం పెడుతుంటాడు. అదీ రిసీవర్ పని. ఎంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఉన్నా అవతల పట్టేవాడు లేకపోతే ఆ విసురు వృథా. అలెన్ 2024 సీజన్‌కి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. అలాంటివాడికి పట్టేవాళ్లని సరిగ్గా ఇచ్చారా అన్నదే ఆ ఊరి పంచాయితీ.

ఈ పంచాయితీకి మూలం స్టెఫాన్ డిగ్స్. 2020లో మిన్నెసోటా నుంచి వచ్చి ఆ ఒక్క సీజన్‌లోనే 127 క్యాచ్‌లు, 1,535 గజాలు. రెండు లెక్కల్లోనూ లీగ్‌కే మొదటివాడు. 2024 ఏప్రిల్‌లో అతన్ని హ్యూస్టన్‌కి పంపేశారు. అతను అక్కడ ఆడుతుంటే ఇక్కడి జీతాల పద్దులో అతని పేర దాదాపు 3.1 కోట్ల డాలర్లు అలాగే కూర్చున్నాయి. అప్పుడే జట్టు ఒక నినాదం ఎత్తుకుంది: అందరూ తింటారు. ఒక్క స్టార్‌కే బంతులన్నీ పోవు, పంక్తిలో అందరికీ వడ్డన ఉంటుందని అర్థం. వడ్డన బాగానే జరిగింది కూడా. ఖలీల్ షకీర్ 76 క్యాచ్‌లతో ముందున్నాడు. డిసెంబర్ 1న మంచు కురుస్తుండగా అమారి కూపర్ బంతి పట్టుకుని, తనని పడేసేలోగా దాన్ని మళ్లీ అలెన్‌కే విసిరితే, విసిరినవాడే పట్టినవాడై టచ్‌డౌన్ చేశాడు. అంతకన్నా అందరూ తినడం ఏముంటుంది!

అయినా అభిమాని ఆకలి తీరలేదు. 2025 డ్రాఫ్ట్‌లో మొదటి ఐదు ఎంపికలూ డిఫెన్స్‌కే పోయాయి. రిసీవర్ ఏడో రౌండ్‌లో గానీ రాలేదు. స్థానిక స్పోర్ట్స్ రేడియోలో దీని మీద సణుగుతుంటే జనరల్ మేనేజర్ బ్రాండన్ బీన్ ఆ కార్యక్రమంలోకే వచ్చి వాళ్లతో వాదులాడాడు. మ్యాచ్‌కి 30 పాయింట్లు కొట్టిన జట్టుని పట్టుకుని రిసీవర్లు లేరంటారేంటని ఆయన చికాకు. లెక్క నిజమే, 2024 సీజన్‌లో 17 మ్యాచ్‌ల్లో 525 పాయింట్లు. డెన్వర్ ఓటమి తర్వాత యజమాని టెర్రీ పెగులా మీడియా ముందుకొచ్చి, కోల్మన్‌ని తీసుకుందామని పట్టుబట్టింది కోచింగ్ బృందమే అన్నాడు. వెళ్లిపోయినవాళ్ల మీదికి తోసెయ్యడం తేలిక, అది వేరే సంగతి. అప్పటికి జట్టులోనే ఉన్న కుర్రాడి పేరు ఎత్తి అలా అనడం మాత్రం మాకు నచ్చలేదు.

చూడాల్సింది ఇంకొకటుంది. రెండేళ్ల నాటి 33వ ఎంపిక గురించి ఒక బిలియనీర్ మైకు ముందు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఎవరికి? పనికెళ్తూ కారులో రేడియో వినేవాళ్లకి. జనం ఊరుకోకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే ఈ రిసీవర్ల వాదనని పనిలేనివాళ్ల కబుర్లని కొట్టిపారేసేవాళ్లతో మేము ఏకీభవించం. మా బాధల్లా, ఆ ఊరు ఇంతే శ్రద్ధగా ఇంకో పద్దు తిరగేయలేదే అని.

ఆ పద్దు అబాట్ రోడ్డుకి అవతల నిలబడి ఉంది. 1973 నుంచి ఆడిన పాత స్టేడియానికి ఎదురుగా, ఆర్చర్డ్ పార్క్‌లోనే కట్టిన కొత్త స్టేడియంలోకి జట్టు 2026 సీజన్‌తో మారుతోంది. 2022 మార్చి 28న ఒప్పందం ప్రకటించినప్పుడు అంచనా 140 కోట్ల డాలర్లు. అందులో న్యూయార్క్ రాష్ట్రం 60 కోట్లు, ఈరీ కౌంటీ 25 కోట్లు. అంటే 85 కోట్లు ప్రజల డబ్బు. ఇంకో తమాషా, 2014లో పెగులా దంపతులు జట్టు మొత్తాన్ని కొన్న ధర కూడా 140 కోట్లే. ప్రకటన వచ్చిన రెండు వారాల్లోపే రాష్ట్ర బడ్జెట్‌లో ఆ డబ్బు ఖాయమైంది. జనాన్ని ఓటు అడగలేదు. 2.78 లక్షల జనాభా ఉన్న బఫెలో, పిల్లల పేదరికంలో దేశంలోనే ముందు వరసలో ఉండే నగరాల్లో ఒకటి.

తర్వాత ఖర్చు 200 కోట్లు దాటింది. పెరిగినదంతా జట్టే భరించాలని ఒప్పందంలో ముందే రాసుకున్నారు. రాష్ట్రం, కౌంటీ అధికారులు మంచి పని చేశారని ఒప్పుకోవాలి. కాకపోతే జట్టు వాటా అనే మాట విప్పి చూస్తే అందులోనూ అభిమాని జేబే కనిపిస్తుంది. కొత్త స్టేడియంలో సీజన్ టికెట్ కావాలంటే ముందు పర్సనల్ సీట్ లైసెన్స్ కొనాలి. టికెట్ కొనుక్కునే హక్కుకి కట్టే డబ్బన్నమాట. టికెట్ ధర మళ్లీ వేరే. కూర్చునే చోటుని బట్టి లైసెన్స్ వందల డాలర్లతో మొదలై వేలు దాటి పోతుంది. ఆ వసూలు జట్టు తరఫున నిర్మాణంలోకే వెళ్తుంది. పన్ను రూపంలో ఒకసారి, లైసెన్స్ రూపంలో ఇంకోసారి. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు.

సీట్లు కూడా తగ్గాయి. పాతదాంట్లో 71,600 పైచిలుకు, కొత్తదాంట్లో సుమారు 62,000. దాదాపు పదివేల మంది ఇక ఇంట్లోనే టీవీ ముందు కూర్చోవాలి. వాళ్లెవరో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.  ఉప్పల్‌లో పాసుల గొడవలు చూసిన తెలుగువాళ్లకి ఇదేం కొత్త కాదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. బఫెలో అభిమాని నమ్మకం కూడా అదే. గవర్నర్ కాథీ హోకుల్ బఫెలోలో పుట్టినావిడ. ఇక్కడి మనిషి గవర్నర్ కాకపోతే రాష్ట్రం ఇంత డబ్బు పెట్టేదా అని జనం బాహాటంగానే అనుకున్నారు. కానీ ఆ వడ్డనకి గిన్నె ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పశ్చిమ న్యూయార్క్‌లో కేసినోలు నడిపే సెనెకా ఆదివాసీ ప్రభుత్వానికీ, రాష్ట్రానికీ కేసినో రాబడిలో వాటా మీద ఏళ్ల తరబడి తగాదా. 2022 మార్చిలో, స్టేడియం ఒప్పందానికి కొద్ది రోజుల ముందు, రాష్ట్రం సెనెకాల బ్యాంకు ఖాతాలు స్తంభింపజేయించింది. వాళ్లు 56 కోట్లకు పైగా కట్టాల్సొచ్చింది. అందులో రాష్ట్రం వాటాగా వచ్చిన 41.8 కోట్లు స్టేడియానికే అన్నారు గవర్నర్. కోర్టులో వాదన రాష్ట్రానికి అనుకూలంగా ఉండొచ్చు. ఒకరి ఖాతాకి తాళం వేయించి వచ్చిన సొమ్ము ఇంకో పెద్దమనిషి ఆటస్థలానికి పోయిందన్న మాట మాత్రం సెనెకాలు అంత తేలిగ్గా మర్చిపోరు. మర్చిపోవాలని మేమూ అనం.

అలాగని ఆ రోజు రాష్ట్రం కాదు పొమ్మని ఉండాల్సిందా? ఇక్కడే మాకూ తడబాటు ఉంది. స్టేడియాల వల్ల ఊళ్లకి పెట్టుబడి తిరిగి రాదని ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. మిస్సోరి రాష్ట్రంలో ఉన్న కాన్సస్ సిటీలో 2024 ఏప్రిల్‌లో జనాన్ని ఓటు అడిగారు. స్టేడియాల కోసం అమ్మకపు పన్ను వద్దని జాక్సన్ కౌంటీ జనం తేల్చేశారు. 2025 డిసెంబర్‌లో చీఫ్స్ మూటా ముల్లె సర్దుకుని పక్క రాష్ట్రం కాన్సస్‌కి వెళ్తున్నామని ప్రకటించారు. 2031కి అక్కడ పైకప్పున్న స్టేడియం కడతారట. ఓటేసినవాళ్లకి పన్ను మిగిలింది, జట్టు పోయింది. బఫెలోకి ఈ భయం ఇంకా ఎక్కువ. 1991 నుంచి 1994 దాకా వరసగా నాలుగు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) ఓడి, 2000 నుంచి 17 సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడకుండా ఉన్నా జట్టుని వదలని ఊరది. 2020లో అలెన్ నాయనమ్మ చనిపోతే అతని జెర్సీ నంబర్ ప్రకారం తలా 17 డాలర్లు వేసుకుని అక్కడి పిల్లల ఆసుపత్రికి పది లక్షల డాలర్ల పైన పోగేసిన జనం. అలాంటివాళ్లని జట్టు పోతుందని బెదిరిస్తే ఏ కాగితం మీదైనా సంతకం పెడతారు. ఆ సంగతి తెలిసే బేరమాడారు. మా అభ్యంతరమంతా దాని మీదే.

ఈ గొడవ ఒక తెలుగు పత్రికకి ఎందుకు? కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకని అడగొచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో జీతం తీసుకునే ప్రతి తెలుగు కుటుంబం పన్నులో పిసరంత ఆ గోడల్లో ఉంది. బఫెలో యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు, మొదటి నవంబర్ మంచుకి వణుకుతూనే, ఎరుపూ నీలం టోపీ ఒకటి కొనుక్కుంటారు. రెండో ఏడాదికి వాళ్లూ కోల్మన్ దండగ, వర్తీ ఉండాల్సిందని మాట్లాడతారు. ఆ దురద మనదాకా వచ్చింది.

ఒప్పందం అయిపోయింది, గోడలు లేచాయి. ఇప్పుడు అడగదగ్గవి ఇంకా ఉన్నాయి. స్టేడియం యజమాని రాష్ట్రమే, జట్టు 30 ఏళ్లకి అద్దెదారు. యజమాని అన్నవాడు అద్దెదారుని అడిగే మాటలు కొన్ని ఉంటాయి. లైసెన్స్ లేకుండా ప్రతి మ్యాచ్‌కీ విడిగా అమ్మే టికెట్లలో కొన్నిటిని, స్థానికులు కొనగలిగే ధరకి ఈరీ కౌంటీవాళ్లకే ఉంచమనాలి. ఊరి మేలు కోసం 30 ఏళ్లలో 10 కోట్లకు పైగా ఇస్తామని జట్టు రాసిచ్చింది. ఏటా అందులో ఎంత వచ్చింది, ఏ పేటకి ఏం జరిగిందన్నది ఆటగాళ్ల గణాంకాలంత వివరంగా అందరికీ కనబడేలా పెట్టాలి. వర్తీ పరుగు 4.21 సెకన్లని నోటికి చెప్పే అభిమాని 85 కోట్ల లెక్కని కూడా అంతే అలవోకగా చెప్పగలడు, ఎవరైనా అతని ముందు పెడితే. రిసీవర్ల విషయంలో రేడియోకి వచ్చి జవాబు చెప్పినవాళ్లు దీనికీ రావాలి.

పాత స్టేడియంలో ఆఖరి లీగ్ మ్యాచ్ జనవరి 4న జరిగింది. న్యూయార్క్ జెట్స్ మీద 35-8. ఆ స్టేడియంలో ఒక ఆచారం ఉండేది. మంచు మోకాళ్ల దాకా పడితే అభిమానులే పారలు పట్టుకుని వచ్చి సీట్లు తవ్వి బయటకి తీసేవారు. 2024 జనవరిలో పిట్స్‌బర్గ్‌తో ప్లేఆఫ్ ఆదివారం నుంచి సోమవారానికి వాయిదా పడినప్పుడు కూడా వచ్చారు. గంటకి 20 డాలర్లు కూలి. కొత్త స్టేడియానికీ పైకప్పు లేదు. చూరు చాలా వరసలని కాస్తుంది, మిగతా వరసల మీద మంచు పడుతుంది, పారలు మళ్లీ కావాలి. వెయ్యి డాలర్ల లైసెన్స్‌కి ఆ కూలి మీద 50 గంటల మంచు ఎత్తాలి. టికెట్ వేరే.