ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది

ఈ పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, మా చిన్నత్త ఒకసారి, ఆఫీసు పక్కన జిరాక్స్ షాపు కుర్రాడు ఒకసారి. "ఇస్లాంలో ఆడదాని బతుకు, ప్రతి హిందువూ చదవాలి" అని పైన హెడ్డింగ్. కింద ఆరు పాయింట్లు. ముస్లిం ఆడవాళ్లకు ఆస్తి హక్కు లేదు. వాళ్ల దేశాల్లో ఆడది పదవిలోకి రాదు. ప్రతి ముస్లిమూ నలుగురిని చేసుకుని జనాభా పెంచి అధికారం పట్టేస్తాడు. మూడుసార్లు తలాక్ అంటే ఆడది రోడ్డు మీద పడ్డట్టే. అఫ్గానిస్తాన్ చూడండి, రేపు మన వీధిలో కూడా అదే. కాబట్టి వాళ్లకు ఇళ్లు అద్దెకివ్వకండి.

మొదటి మూడుసార్లు చదివి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

గుంటూరులో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని 22 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఆస్తి హక్కు గురించి నాకు వాట్సాప్‌లో పాఠం చెప్పాల్సిన పని లేదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పాత గుంటూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. నల్ల బురఖా, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో లింకు డాక్యుమెంట్లు. తండ్రి పోయాడు, వీలునామా లేదు. 240 గజాల స్థలం. తల్లి, తమ్ముడు, తను. నేను తలా 80 గజాలని పెన్సిల్‌తో రాసుకుంటుంటే ఆపేసింది. "మా లెక్క వేరే మేడమ్. ముందు అమ్మకు ఎనిమిదో వంతు తీయండి. మిగిలింది మూడు భాగాలు చేస్తే తమ్ముడికి రెండు, నాకు ఒకటి." 30, 140, 70. నేను కాలిక్యులేటర్ తీసేలోపే చెప్పేసింది. ఆమె ఐదో క్లాసుతో చదువు మానేసిన మనిషి.

ఆ లెక్క ఖురాన్ నాలుగో అధ్యాయంలో ఉంది. కూతురికి, భార్యకు, తల్లికి ఎంతెంతో వంతులతో సహా రాసి ఉంది. ఏడో శతాబ్దం నాటి మాట ఇది. కొడుక్కి వచ్చేదాంట్లో కూతురికి సగమే. అది నాకు న్యాయంగా కనిపించదు, ఆ మాట ఆమెతో కూడా అన్నాను. కానీ "హక్కే లేదు" అని రాసినవాడు పచ్చి అబద్ధం రాశాడు.

మన సంగతేంటి? 1956 వారసత్వ చట్టం వచ్చేదాకా కొడుకులున్న ఇంట్లో కూతురికి తండ్రి ఆస్తిలో వాటా లేదు. కూతుళ్లకు వాటా ఇవ్వాలన్న హిందూ కోడ్ బిల్లును పార్లమెంటులో సాగనివ్వలేదనే కదా అంబేద్కర్ 1951లో మంత్రి పదవి వదులుకుంది! దానికి అడ్డం పడింది ముల్లాలు కాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు.

ఈరోజు కాగితం మీద మన చట్టమే మెరుగు. ఒప్పుకుంటాను. మరి చేతికొచ్చేదెంత? నా టేబుల్ మీదికి వచ్చే హక్కు విడుదల దస్తావేజుల్లో చాలా వాటిపై సంతకాలు అక్కచెల్లెళ్లవే. "పసుపు కుంకుమ కింద అప్పుడే ఇచ్చాంగా", "పుట్టిల్లు కావాలా, వాటా కావాలా" అన్న మాటలు ఆఫీసు మెట్ల మీదే వినపడుతుంటాయి. ముస్లిం ఇళ్లలోనూ అంతే, వాళ్ల ఆడపిల్లలూ సంతకాలు పెట్టి వెళ్తారు.

నేనూ పెట్టాను. మా నాన్న పోయాక నా వాటా అన్నయ్యకు రాసిచ్చాను. దస్తావేజు రాసింది కూడా నేనే. "ఎవరి ఒత్తిడీ లేకుండా, ప్రేమాభిమానాలతో" అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. రాసేశాను. 70 గజాలామె మాత్రం తన వాటా వదల్లేదు. ఇద్దరిలో ఎవరికి హక్కు లేనట్టు?

పదవుల సంగతి. బేనజీర్ భుట్టో 1988లో పాకిస్తాన్ ప్రధాని. ఖలీదా జియా 1991లో, షేక్ హసీనా 1996లో బంగ్లాదేశ్ ప్రధానులు. టర్కీకి 1993లో తాన్సు చిల్లర్, ఇండోనేషియాకు 2001లో అధ్యక్షురాలిగా మేగావతి. మన దగ్గర భోపాల్‌ను 1819కీ 1926కీ మధ్య నలుగురు బేగంలు ఏలారు. అంత దూరం ఎందుకు, విజయవాడలో కార్పొరేటర్‌గా ఉన్న కరీమున్నీసా 2021లో ఎమ్మెల్సీ అయ్యారు. 2024లో మన గుంటూరు తూర్పులో వైసీపీ తరఫున నిలబడింది నూరి ఫాతిమా. ఓడిపోయింది, అది వేరే విషయం. ఆ బ్యాలెట్‌కు బటన్ నొక్కి వచ్చినవాళ్లే "వాళ్లలో ఆడది రాజకీయాల్లోకి రాలేదు" అని ఫార్వర్డ్ చేస్తున్నారు!

ఒక ఆడమనిషి కుర్చీ ఎక్కితే మిగతా ఆడవాళ్ల బతుకులు మారతాయని నేను అనను. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ 1979లో మతం పేరుతో తెచ్చిన శిక్షల చట్టాలు, హుదూద్ శాసనాలు, పాకిస్తాన్ ఆడవాళ్లను నానా హింస పెట్టాయి. బేనజీర్ రెండుసార్లు ప్రధాని అయినా వాటిని తీసేయలేకపోయింది. 2006లో గానీ వాటిలో సవరణ జరగలేదు.

నలుగురు పెళ్లాల పాయింటుకు ఎక్కువ టైమ్ ఇవ్వను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పినవాళ్లు ముస్లింలలో నూటికి 1.9, హిందువుల్లో 1.3. ఒక్కో ముస్లిం స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 1992-93లో 4.4, 2019-21 సర్వేలో 2.36. మన గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1949 చట్టం వచ్చేదాకా, హిందూ మగవాడు ఎంతమందిని చేసుకున్నా అడిగే చట్టం లేదు. తాతల పెళ్లిళ్లు గుర్తు చేసుకోండి చాలు.

తలాక్ దగ్గరికి వస్తే, ఈ మెసేజ్‌లో కొంత నిజం ఉన్న చోటు ఇది. దీన్ని దాటేసి వెళ్లిపోతే నేనూ ఫార్వర్డ్ చేసినవాళ్లలాంటిదాన్నే అవుతాను. ఇందోర్‌లో షాబానోకు భర్త తలాక్ ఇచ్చేనాటికి ఆమెకు 62 ఏళ్లు. హైకోర్టు నెలకు 179 రూపాయల 20 పైసలు భరణం ఇమ్మంది. అది ఇవ్వననే భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985లో కోర్టు ఆమె పక్షాన తీర్పిస్తే, మతపెద్దలు గోల చేశారు, రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి ఆ తీర్పును నీరుగార్చింది. ఒక ముసలామె తిండి ఖర్చు మీద ఓట్ల బేరం జరిగింది. సెక్యులర్ అని చెప్పుకునేవాళ్లు ఆనాడు చేసింది తప్పే. నేను చూసిన తలాక్ పంచాయితీల్లో కూడా ఆడమనిషి తలుపు వెనకే ఉంటుంది, మాట్లాడేది తండ్రో అన్నో.

కానీ ఆ చీకట్లోంచి బయటికి లాగింది ఎవరు? మెసేజ్ రాసినవాడా? షాయరా బానో అనే ముస్లిం స్త్రీ కోర్టుకెక్కితే 2017 ఆగస్టు 22న ఒకేసారి మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 3-2తో కొట్టేసింది. 2019లో దానికి మూడేళ్ల దాకా జైలు అని చట్టం వచ్చింది. విడాకులిచ్చిన భార్యకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 కింద భరణం ఇవ్వక్కర్లేదని తెలంగాణ నుంచి ఒక భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2024 జూలైలో కోర్టు ఇవ్వాల్సిందే అంది. ఈ కేసులన్నిటి వెనకా కోర్టు వరండాల్లో చెప్పులరిగేలా తిరిగిన ముస్లిం ఆడవాళ్లున్నారు.

అఫ్గానిస్తాన్‌లో ఆరో తరగతి దాటి ఆడపిల్లను చదవనివ్వడం లేదు. ఘోరం. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఇంకే దేశంలోనూ ఇప్పుడు అలాంటి నిషేధం లేదు. తలగుడ్డ సరిగా కట్టుకోలేదని ఇరాన్‌లో పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ 2022లో చనిపోయినప్పుడు తలగుడ్డలు తీసి తగలబెట్టి, తూటాలకు ఎదురెళ్లింది ముస్లిం అమ్మాయిలే. టర్కీలో ఏళ్ల తరబడి తలగుడ్డ కట్టుకున్న అమ్మాయిని యూనివర్సిటీలోకి రానివ్వలేదు. ఒక ప్రభుత్వం కప్పుకోమంటుంది, ఇంకోటి విప్పమంటుంది, ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగరు.

ఇక ఆరోది. ఇళ్లు అద్దెకివ్వకండి, "అదే ఆ ఆడవాళ్లకు మనం చేసే మేలు" అట. ఇది రాయడానికి చేతులెలా వచ్చాయో నాకు అర్థం కావడం లేదు.

నాకు తెలిసిన ఒక ముస్లిం అమ్మాయి ఉంది. ప్రైవేటు స్కూల్లో టీచరు. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర నుంచి ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని బయటికి వచ్చేసింది. మీ మెసేజ్ కోరుకున్నది అదే కదా, ఆమె బయటికి రావాలనే కదా! వచ్చింది. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో పోర్షన్ కోసం నెలన్నర తిరిగింది. ఫోన్లో అద్దె, అడ్వాన్సు, నీళ్లు అన్నీ మాట్లాడాక పేరు అడుగుతారు. పేరు చెప్పగానే "మా బంధువులొస్తున్నారమ్మా" అంటారు. ఒకచోట నా ముందే ఫోన్ చేసింది. ఖాళీ లేదన్నారు. పది నిమిషాలు ఆగి అదే నంబరుకు నేను చేశాను. "ఖాళీగానే ఉందమ్మా, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి, మీరేవిట్లు?" అని ఆయనే అడిగాడు. ఆమె నా పక్కనే కూర్చుని వింటోంది. పెద్దపిల్ల నా స్టాంపు ప్యాడ్‌తో వేలిముద్రలు వేసుకుంటూ ఆడుకుంటోంది. నేను ఫోన్ పెట్టేశాక ఆమె ఏమీ అనలేదు. పిల్ల వేళ్లు తుడిచి, సంచి తీసుకుని వెళ్లింది.

ఇల్లు దొరక్కపోతే ఆమె ఎక్కడికెళ్లాలి? ఆ మొగుడి దగ్గరికే. తలాక్ మీద అంత ఏడ్చి చివర్లో ఆమెకు ఉన్న ఒక్క దారీ మూసేస్తున్నారు మీరు.

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఆ మెసేజ్ మూడోసారి పెట్టిన స్నేహితుడా, పోయిన ఆదివారం అదే గ్రూపులో నువ్వు ఇంకో పోస్టు పెట్టావు. మీ మేడ మీద రెండు గదుల పోర్షన్ ఖాళీ అయింది, తెలిసినవాళ్లుంటే చెప్పమన్నావు. నాకు తెలిసినవాళ్లున్నారు. అద్దె ఎంతో, అడ్వాన్సు ఎంతో చెప్పు. సాయంత్రం స్కూలు వదిలాక పిల్లలతో సహా తీసుకొస్తాను.