అసలు ‘నైస్’ కడప పిండిమిషన్లో ఉంది

ఇంగ్లీషువాళ్లు పారేసుకున్న సొత్తొకటి కడప పిండిమిషన్లలో భద్రంగా ఉన్న సంగతి లండన్‌కు ఇంకా అందినట్టు లేదు. ఆ సొత్తు ‘నైస్’.

లాటిన్‌లో నెస్కియుస్ అంటే ఏమీ తెలియనివాడు. ఆ మాట పాత ఫ్రెంచిలో అరిగి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి దిగింది. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే మొద్దని తిట్టినట్టే. పోనుపోను ప్రతిదానికీ వంకపెట్టే చాదస్తుడయింది, 1500ల్లో వెంట్రుకవాసి తేడా పట్టే సూక్ష్మమయింది, 1769 నాటికి ‘బాగుంది’ దగ్గర చతికిలబడింది. ఇప్పుడు ఫొటో కింద ‘నైస్’ అని పెట్టినవాడు ఆ ఫొటో చూశాడనడానికి కూడా సాక్ష్యం లేదు.

మిషన్లో అట్లా కుదరదు. “అక్కా, నైస్‌గా పట్టాల్నా, బరకగానా?” అని అడిగేది కొలత. రొట్టెకు జొన్నలు నైస్‌గానే పట్టాలి. జొన్నల్లో గోధుమకుండే గ్లూటెన్ లేదు, సలసల కాగే నీళ్లు పోసి కలిపితేనే పిండి ముద్దకొస్తుంది. బరక పలుకులకు ఆ నీళ్లు సరిగా పట్టవు, తట్టేటప్పుడు అంచులు పగుల్తాయి. అట్లాగని రాళ్లు మరీ బిగిస్తే పిండి కాలి కమురు వాసన కొడుతుంది. గాట్లు అరిగిన రాయితో ఇంకా అన్యాయం: ఎంత బిగించినా వేడే గానీ నైస్ రాదు. మిరపకాయలు పట్టిన వెంటనే మీ గింజలు పోయించారో, ఆ పూట రొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి అక్కర్లేదు.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేశాడు. మన మాటలకు ఆయన కాపలా కాశాడు, ఆయన మాటకు మనం కాయకపోతే ఎట్లా?

కాస్తూ కాస్తూ కొంత కల్తీ కూడా చేశామనుకోండి. చీటీ డబ్బులు అడిగితే నైస్‌గా జారుకుంటాడు చూడండి, ఆ అర్థం మన చేర్పు. నైస్‌గా మాట్లాడేవాడికి అన్నీ తెలుసు, ఏమీ తెలియనిది వినేవాడికే. లాటిన్ అర్థమూ వృథా పోలేదన్నమాట, మనిషి మారాడంతే.

పరిశోధనకు వచ్చే ఇంగ్లీషు పండితులు సంచి తెచ్చుకోవాలి. చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే పలుకు తగలకూడదు. తగిలిందా, రాయికి గాట్లు కొట్టించమని మిషనాయనకు చెప్పండి. మొదట పడే గుప్పెడు పిండిని మాత్రం పరీక్షకు తీసుకోవద్దు, అది మీకు ముందు పట్టించుకున్నవాళ్లది.