ఫ్లెక్సీ మీద మెకంజీ ఉన్నాడు సరే, కైఫీయతు చదివేవాళ్ళేరీ?

వలస పాలన చరిత్ర మీద మన యూనివర్సిటీల్లో జరిగే సెమినార్ల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తెలిసినవాళ్ళు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను గానీ ఇక నా వల్ల కాదు.

ఈ మధ్య ఒక యూనివర్సిటీలో 'అంతర్జాతీయ సదస్సు'కు వెళ్ళాను. అంతర్జాతీయం ఎలా అయిందంటే లండన్ నుంచి ఒకాయన జూమ్‌లో కాసేపు కనిపించాడు, అందులో సగం "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అనడానికే సరిపోయింది. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఎర్రకోటులో కాలిన్ మెకంజీ, అంటే మన ఊళ్ళ చరిత్రలు, అవే కైఫీయతులు, రాయించి పోగేసిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి. అది 1816లో థామస్ హిక్కీ వేసిన బొమ్మ. అసలు బొమ్మలో ఆయన ఒక్కడే ఉండడు. తాటాకులు పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణి పట్టుకున్న కిష్ణాజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరుల్లో ఒకరని చాలామంది చెప్పే ఇంకో మనిషి కూడా ఉంటారు. ఫ్లెక్సీ కొలతకు కుదరలేదో ఏమో, ముగ్గుర్నీ కత్తిరించి పారేశారు. సదస్సు దేని మీదయ్యా అంటే, చరిత్రను వలస ఆలోచనల నుంచి విడిపించడం మీద!

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, వీసీ గారి ప్రసంగం, రిజిస్ట్రార్ గారి ప్రసంగం అయ్యేసరికి పన్నెండున్నర. పాపం రాత్రంతా బస్సులో వచ్చిన రీసెర్చ్ స్కాలర్లకు పేపర్ చదవడానికి తలా ఏడు నిమిషాలు, ఐదో నిమిషానికే ముందు చీటీ. వాళ్ళ తప్పేం లేదు, సర్టిఫికెట్ లేకపోతే గైడు ఊరుకోడు. కానీ నన్ను కాల్చింది అది కాదు. గుంటూరు గురించో నెల్లూరు గురించో చదివిన పేపర్లలో కూడా ఒక్క తెలుగు కాగితం లేదు. అన్నీ ఆనాటి తెల్ల అధికారులు ఇంగ్లీషులో రాసిన జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లే. వాటి మీద నాలుగు సిద్ధాంతాల పేర్లు చల్లి, తెల్లవాడి చూపు ఎంత తప్పో తెల్లవాడు రాసిన పుస్తకంలోంచే నిరూపించి దిగిపోయారు. ఆ ఊరి కరణం ఏం రాసిపెట్టాడో చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినా చదవడం రాదు.

అసలు మెకంజీకి మన భాషలు వచ్చా? రావు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. 1783లో మద్రాసులో దిగిన ఆ స్కాట్లండ్ మనిషికి ఈ దేశపు చదువుల గుమ్మం చూపించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య. పాతికేళ్ళు దాటీ దాటకుండానే 1803లో పోయాడు. అంతలోనే హళెగన్నడ, అంటే పాత కన్నడ శాసనాలు పట్టుకుని కూర్చుని అక్షరం అక్షరం విప్పాడు. ఆ తర్వాత తమ్ముడు లక్ష్మయ్య బాధ్యత తీసుకున్నాడు. మనుషుల్ని ఊళ్ళమీదికి పంపడం, కరణాల దగ్గర కవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు అడిగి ఎత్తి రాయించడం, శాసనాలకు నకళ్ళు తీయించడం, అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. 1815లో మెకంజీ మొత్తం ఇండియాకు సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు, ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొనుక్కుంది. లక్ష్మయ్య మాత్రం మిగిలిన పని నేను పూర్తి చేస్తాను, అవకాశం ఇవ్వండి అని 1830ల్లో దరఖాస్తు పెట్టుకుంటే ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఏమన్నాడంటే, సహాయకుడిగా పనికొస్తాడేమో గానీ ఇంత పనికి సరిపోడు అని. బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన ప్రిన్సెప్పే! చివరికి ఆ పని ఒక పాదిరీకి, విలియం టేలర్‌కి ఇచ్చారు.

ఈ కథ సెమినార్లలో చెప్తారు. కీనోట్ స్పీకర్ గొంతు కూడా వణికించి చెప్తాడు, చప్పట్లు పడతాయి. బొర్రయ్య చేసిన పని ఇవాళ మనలో ఎవరు చేయగలరు అని మాత్రం ఎవరూ అడగరు.

ఇంకొకటి, "అంతా లండన్‌కు ఎత్తుకుపోయారు" అనే డైలాగ్. అమరావతి శిల్పాల విషయంలో ఆ కోపం సబబే, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, వీసా దొరికితే. అయినా అమరావతి రాళ్ళు చాలానే చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ ఉన్నాయి. మరి కైఫీయతులు? దక్షిణాది భాషల కాగితాల్ని 1828లో కలకత్తా నుంచి తిరిగి మద్రాసుకే పంపారు. ఇప్పటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. విజయవాడలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. దొంగ ఎత్తుకుపోని సొమ్మును మనం ఎందుకు ముట్టుకోవట్లేదు?

ఎందుకంటే కష్టం కాబట్టి. ఒక పాత రాతప్రతి ముందు పెట్టుకుని చూడండి. పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు, చుక్క కామా ఉండవు. మనం ఇప్పుడు 'ర్క' అని రాసేదాన్ని వాళ్ళు క రాసి పక్కన వలపలగిలక అనే గుర్తు పెట్టేవాళ్ళు. అది చూడటానికి అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది, ఎమ్మే హిస్టరీ పిల్లవాడు నిజంగానే తొమ్మిది అనుకుంటాడు. ఆ తెలుగు అంకెలు కూడా ఎంతమందికి వస్తున్నాయిప్పుడు? సంవత్సరం ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కలో ఉంటుంది, 590 కలిపితే గానీ మన లెక్కకు రాదు. భూమి కుచ్చెళ్ళలో, ధాన్యం పుట్లలో తూముల్లో, డబ్బు వరహాల్లో. మధ్యలో సగం మాటలు పార్సీవి, మరాఠీవి. ఇవన్నీ దాటితే మాత్రం ఊరు ఊరంతా కళ్ళ ముందుకొస్తుంది. చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరు ఇచ్చారు, ఎవరు లాక్కున్నారు, ఏ దండు వచ్చినప్పుడు ఊరు పాడుపడింది, మళ్ళీ ఎవరు నిలబెట్టారు.

అన్నీ నిజాలేనా అంటే కావు. కంపెనీ మనిషి వచ్చి మీ ఊరి చరిత్ర చెప్పమంటే, రేపు మాన్యాలు తీసేస్తారేమో అన్న భయంతో తన వాటాకు పనికొచ్చే కథ అల్లిన కరణాలు ఉండే ఉంటారు. నాకు అసలు రుచి అక్కడే. ఎవడు ఏ అబద్ధం ఎందుకు ఆడాడో పట్టుకోవడమే కదా చరిత్రకారుడి పని. దానికైనా ముందు కాగితం చదవాలి.

బయటి దేశాల్లో ఏషియన్ స్టడీస్ వాళ్ళను తిట్టడం కూడా మనకు అలవాటైంది. లండన్‌లో సోయాస్ అనే ప్రాచ్య భాషల విద్యాసంస్థ పెట్టిందే, 1916లో, సామ్రాజ్యానికి ఉద్యోగుల్ని తయారు చేయడానికి, నిజమే. అమెరికా వాళ్ళూ ప్రేమతో మొదలుపెట్టలేదు, కోల్డ్ వార్ అవసరం అది. కానీ అమెరికా మనకు తిండిగింజలు పంపిన పీఎల్ 480 పథకం అంటే మన పెద్దవాళ్ళకు గోధుమలే గుర్తు, ఆ గోధుమలు అమ్మిన రూపాయలతోనే 1962 నుంచి ఇక్కడి పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపారు, తెలుగువి కూడా. మన జిల్లా గ్రంథాలయంలో చెదలు తిన్న పుస్తకం షికాగోలో కాల్ నంబర్‌తో సహా దొరుకుతుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకైతే తెలియట్లేదు.

కడపలో బ్రౌన్ పేరున ఉన్న భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతుల్ని సంపుటాలుగా అచ్చు వేసింది, వాళ్ళకు దండం పెట్టాలి. ఫ్లెక్సీ పెట్టి చేసిన పని కాదది, పాత రాత వచ్చిన మనుషులు కళ్ళు కాయలు కాచేలా కూర్చుని చేసింది. అలాంటివాళ్ళు తగ్గిపోతున్నారు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పార్సీ కాగితాలు లక్షకు పైనే ఉన్నాయి, వాటి సంగతీ ఇంతే.

కాబట్టి డిపార్ట్‌మెంట్ల వాళ్ళకు నా గొడవ ఒక్కటే. ఒక ఏడాది సెమినార్ మానేయండి. ఆ శాలువాల, బొకేల, కిట్ బ్యాగుల డబ్బుతో ఎండాకాలం సెలవుల్లో ఒక పండితుణ్ణి పిలిపించి, పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి పాత తెలుగు రాత, పాత మరాఠీ కాగితాల మోడీ లిపి, కాస్త పార్సీ నేర్పించండి. దానికి ప్రమోషన్ పాయింట్లు రావని నాకూ తెలుసు.

ఇక మీలో ఎవరి తాతగారైనా కరణమైతే, 1984లో ఆ ఉద్యోగాలు తీసేశాక ఆ కాగితాలు అటక మీదే ఉండిపోయి ఉంటాయి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నామని వాటిని పాత పేపర్లవాడికి వేసేయకండి. చదవడం రాకపోయినా పరవాలేదు, ఫోన్‌తో వరసగా ఫొటోలు తీసి, ఏ ఊరివో రాసిపెట్టండి.