మోటారు కాలినప్పుడు యాడుండావు నాయనా?

పోయినేడు బ్రహ్మోత్సవాలకని తిరుపతి వెళ్తే, ఎంఆర్ పల్లెలో మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ కూడా అదే వారం పడింది. సెల్లార్‌లో స్కూటర్లు పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను లాప్‌టాప్ పట్టుకుని దిగాను. తప్పు అక్కడే జరిగింది.

మొత్తం 24 ఫ్లాట్లు. అందులో 7 మనలాంటి, విదేశాల్లో ఉండేవాళ్లవి. లిఫ్టు మార్చడానికి ఫ్లాటుకు 40 వేలు వేసుకోవాలన్నది ఆనాటి తగువు. ఇక్కడ విదేశంలో నేనుండే కాండోలో, అంటే ఇక్కడి అపార్ట్‌మెంట్‌లో, పెద్ద ఖర్చులకు రిజర్వ్ ఫండ్‌కని నెలనెలా కొంత పక్కన పెడతారని, అందుకే ఒక్కసారిగా నెత్తిన పడదని పది నిమిషాలు చెప్పాను. ఎక్సెల్ షీటు కూడా చూపించాను. అందరూ మర్యాదగానే విన్నారు. ఆఖర్న మూడో అంతస్తు హెడ్మాస్టరుగారి భార్య టీ గ్లాసు కింద పెట్టింది.

"అంతా బాగుండాది నాయనా. ఎండాకాలం బోరు మోటారు కాలిపోయి మూడు దినాలు అల్లాడినామే, అప్పుడు నువ్వు యాడుండావు? నీ ఫ్లాట్లో దిగినోళ్లకు బిందెలతో నీళ్లు మోసింది మేమే."

సెల్లారంతా నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వులోనే అధ్యక్షుడు "ఊర్లో ఉండేవాళ్లకే ఓటు" అని తీర్మానం చదివితే, చేతులు లేచాయి.

ఒప్పుకుంటాను, నా ఫ్లాటు కొండకొచ్చేవాళ్లకు రోజు అద్దెకిస్తున్నాను. రాత్రి పదకొండుకు సూట్‌కేసులతో దిగి, తెల్లవారకముందే అలిపిరికి బయల్దేరతారు. ఆ లిఫ్టు అరిగిందంటే అందరికన్నా నా వాటా ఎక్కువ. మెయింటెనెన్స్ మాత్రం అందరితో సమానం. అదీ మా బావమరిది గుర్తు చేస్తేనే, నాలుగు నెలలకోసారి.

అలాగని ఓటు తీసేస్తారా? 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లిఫ్టు, పైకప్పులో అవిభాజ్య వాటా యజమానిది. విమానం ఎక్కినంత మాత్రాన ఆ వాటా పోదు. మా సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది కానీ, బైలాస్‌లో ప్రాక్సీ, అంటే మన బదులు ఇంకొకరు ఓటేసే వీలు, ఊసే లేదు. ఇక్కడ నా కాండోలో ఒక్క కాగితం మీద సంతకం పెట్టి పక్కింటాయనకిస్తే నా ఓటు చెల్లుతుంది.

అయితే ఓటు వేరు, మాట చెల్లడం వేరు. మా అపార్ట్‌మెంట్‌లో మాట చెల్లేది కోశాధికారిది. రిటైరైన బ్యాంకు గుమాస్తా. కల్యాణి డ్యాం అడుగంటితే మాకు ట్యాంకర్లే గతి. ఒక్కో ట్యాంకరు వచ్చినప్పుడు ఈయన లుంగీ ఎగ్గట్టుకుని పైకెక్కి, నిండుగా ఉందో లేదో తొంగి చూసి, గోడ మీద సుద్దముక్కతో గీత పెడతాడు. నెలాఖర్న బిల్లుకూ గీతలకూ లెక్క కుదరాల్సిందే. ఆయన మీటింగులో నోరు విప్పేది తక్కువ. విప్పితే ఇక దానికి తిరుగులేదు. ఇక్కడ నా కాండో బోర్డులోకి నేనూ అలాగే చేరాను. మూడేళ్లు మీటింగుల్లో అరిచినా ఎవరూ పట్టించుకోలేదు. పార్కింగ్ లైట్ల కాంట్రాక్టు నెత్తినేసుకున్నాకే నా పేరు గుర్తుపెట్టుకున్నారు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఎన్నికలకు ప్యానెళ్లు కట్టి నెలల తరబడి ఫోన్లు చేసే మనం, ఊర్లో ఫ్లాటుకు ఏడాదికి రెండు ఫోన్లు చేయలేమా? తిరుపతిలో, చిత్తూరులో ఇళ్లున్నవాళ్లను బతిమాలుతున్నాను. ఏడాది మెయింటెనెన్స్ ముందే కట్టేయండి. లిఫ్టు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితాలు చదవడమో, లెక్కలు టైపు చేయడమో, ఇక్కణ్నుంచి అయ్యే పని ఒకటి అడిగి తీసుకోండి. ఓటు సంగతి ఆ తర్వాత అడుగుదాం. ఊర్లో ఉన్న పెద్దలు ఈ పత్రిక చదవరని తెలుసు. చదివితే వాళ్లకూ ఒక మాట: ప్రాక్సీ కాగితం ఒక్కటి ఒప్పుకోండి.

అక్కడ అర్ధరాత్రంటే ఇక్కడ మనకు మధ్యాహ్నం. ఈ మే నెలలో మోటారు మళ్లీ కాలింది. వాట్సాప్‌లో మెసేజ్ పడగానే ట్యాంకరు వాడిని నిద్ర లేపింది నేనే. డబ్బూ నేనే పంపాను. తెల్లారేసరికి సంపు నిండింది. కోశాధికారి గోడ మీద గీత పెట్టి, ఫొటో తీసి గ్రూపులో వేశాడు. ప్రాక్సీ విషయం వచ్చే మీటింగు అజెండాలో పెడతానన్నాడు. మూడో అంతస్తు అమ్మ మాత్రం ఇంకా "చూస్తాం నాయనా" అంటానే ఉంది.