సరుకు బండికి వెనక సీట్లా?

ఒడిశాలోని మన పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో వెల్డింగ్ షాపు ముందు ఒక సరుకు వ్యాను ఆగి, లోపల ఒకాయన డ్రిల్లుతో నేల రేకుకి బెజ్జాలు పెడుతున్నాడంటే ఏం జరుగుతోందో మనలో ఎవరూ అడగక్కర్లేదు. వెనక సీట్లు పడుతున్నాయి. వారమంతా ఉల్లిపాయల బస్తాలు, జీడిపిక్కలు మోసిన మారుతీ ఈకో కార్గో వ్యానే ఆదివారం ఇంటిల్లిపాదినీ రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లాలి, అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఆంధ్రా సరిహద్దులోని పాతపట్నం దాటి శ్రీకాకుళం ఆసుపత్రికీ చేర్చాలి. ఒక్క బండి మాత్రమే కొనగలిగిన ఇంట్లో అదొక్కటే అన్నిటికీ పనికిరావాలనుకుంటారు, ఆ కోరికని మేం తప్పుపట్టం. కానీ ఆ పని మాత్రం చేయించొద్దని గట్టిగానే చెబుతున్నాం.

రెగ్జిన్ కొత్తగా, ఫ్రేము బలంగా కనిపిస్తే చాలనుకుంటాం. సీటు ఎంత బలంగా ఉన్నా దాన్ని పట్టుకుని ఉండేది కింద రేకే కదా. మనుషుల కోసం కంపెనీ చేసిన బండిలో సీటు కాళ్ల కింద, బెల్టు కొక్కేల వెనక మందపాటి ఇనుప పలకలు ముందే అతికి ఉంటాయి, అవి ఎంత లాగుడు తట్టుకుంటాయో పరీక్షించాకే బండి అమ్మకానికి వస్తుంది. సరుకు బండి వెనక భాగంలో ఆ ఏర్పాటు ఉండదు, ఎందుకంటే అక్కడ మనిషి కూర్చుంటాడని ఎవరూ అనుకోలేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి గుద్దుకుని అర మీటరు లోపే ఆగిపోతే 60 కిలోల మనిషి ముందుకి విసురుకునే బలం 1 టన్ను పైనే, లెక్క వేసి చూసుకోవచ్చు. బెంచీ మీద ముగ్గురుంటే, వాళ్ల బెల్టులు కూడా ఆ బెంచీకే కట్టి ఉంటే, 3 టన్నుల పైన బలాన్ని పలచటి రేకులో దిగిన నాలుగు బోల్టులు ఆపాలి. ఆపవు. రేకు చిరిగి సీటుతో సహా పిల్లలు డ్రైవరు మీద పడతారు. పైనుంచి చూసి బెజ్జం పెడితే కింద డీజిల్ పైపో పెట్రోల్ పైపో, వైర్లో తెగే ప్రమాదం వేరే ఉంది. కొన్ని బళ్లలో వెనక తలుపుకి లోపల గొళ్లెం కూడా ఉండదు, పొగ వస్తే బయటినుంచి ఎవరో వచ్చి తియ్యాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో కంపెనీ చెప్పినట్టు రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తరవాత అలా మార్చిన యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కిరాయికి మనుషుల్ని ఎక్కిస్తే పర్మిట్ లేని నేరం విడిగా పడుతుంది, దానికి 10,000. మన ఓడీ (ఒడిశా) నంబరు బండి పాతపట్నం వైపు దాటితే అక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసేదీ ఇదే చట్టం.

జరిమానా అయినా కట్టి బయటపడొచ్చు. ఇన్సూరెన్సు సంగతి అలా కాదు, మాకు అసలు టెన్షన్ దాని గురించే. సరుకుతోపాటు సరుకు యజమానో ఆయన మనిషో వెళ్తే పాలసీ వర్తించేలా 1994లో చట్టం మార్చారు. ఊరికే ఎక్కిన చుట్టాలకీ, పెళ్లివారికీ అది వర్తించదని 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే సరుకు బండిలో కూర్చున్న మీ పెద్దమ్మకి ఏమైనా అయితే ఆ పరిహారం బండి యజమాని సొంత జేబులోంచే రావాలి. అప్పు చేసి కొన్న బండి పోతుంది, కొన్నిసార్లు భూమీ పోతుంది, మనిషి ఎలాగూ పోయారు, పైగా చుట్టాలే కోర్టులో ఎదురెదురుగా నిలబడాలి. ఏటేటా ప్రీమియం కడుతున్నాం కదా అనుకునే ప్రతి యజమానీ ఒక్కసారి తన పాలసీ కాగితంలో సీట్ల సంఖ్య ఎంతని రాసుందో చదువుకోవాలి.

మరి ఏం చెయ్యాలి? ఇంకా కొనని వాళ్లు కంపెనీయే సీట్లతో ఇచ్చే రకం కొనండి, అదే ఈకో సీట్లతోనూ వస్తుంది, సెకండ్ హ్యాండులోనూ దొరుకుతుంది. సొంత పంట నాలుగు బస్తాలు సంతకి తీసుకెళ్లడానికి ఆ వెనక చోటు చాలు. కార్గో ఇప్పటికే కొనేసిన వాళ్లు దాన్ని అమ్మి మార్చుకోవడం నష్టమే అయినా, ఆ నష్టానికి ఒక హద్దు ఉంటుంది. ఇప్పటికే బెంచీలు బిగించేసి ఉంటే ఈ వారమే విప్పించండి, బెజ్జాలు మూయించి తుప్పు పట్టకుండా రంగు వేయించండి.

ప్రభుత్వానికీ ఒక మాట. జనం సరుకు బండి ఎక్కేది సరదాకి కాదు. సాయంత్రం సంత ముగిశాక కొండ మీది సవర పల్లెలకి బస్సు లేకే ఎక్కుతున్నారు. 2023లో మల్కనగిరి నుంచి లక్ష్మి పేరుతో మొదలైన ఒడిశా ప్రభుత్వ బస్సులు పంచాయతీలని బ్లాకు కేంద్రాలతో కలిపే మంచి ఆలోచన. గజపతి, రాయగడ జిల్లాల్లో సంత రోజున చీకటి పడ్డాక కూడా ఒక ట్రిప్పు నడపాలి, రాష్ట్రం దాటి పాతపట్నం ఆసుపత్రి దాకా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని సర్వీసు పెట్టాలి. ఆర్‌టీఓ ఆఫీసు గోడ మీద ఈ సీట్ల నిబంధన ఒడియాతోపాటు తెలుగులోనూ రాసి పెట్టాలి. ఆ బోర్డు ముందు వెల్డింగ్ షాపుల వాళ్లని పిలిచి కూర్చోబెట్టాలి, ఎందుకంటే బెజ్జం పెట్టే ముందు ఆ యజమానితో మాట్లాడే చివరి మనిషి వాళ్లే.